పరగడుపు

ఆరున్నరకే వస్తారు అందరూ,
ఏమీ తినకుండా.
కర్నూలు పెద్దాసుపత్రి గోడ అవతల
బండి మీద ఉగ్గాని తిరగమోత ఘుమఘుమంటుంటే
బల్ల మీద వరసగా మోచేతులు చాపుకుని కూర్చుంటారు.
"రాత్రి ఏం తిన్యావప్పా?" అని అడుగుతాను.
"ఏం తినల్యామ్మా," ఒకటే జవాబు.
మనిషి ఏం చెప్పినా
రక్తానికి అబద్ధం రాదని
చాలా ఏండ్లు అనుకున్నాను.

ఎమ్మిగనూరు వడ్డీవ్యాపారి ఒకాయన,
ఆయన గొట్టం తిప్పి తీస్తే
పైన ఇంత మందాన మీగడ.
"నా చేతిలో పాలు పిండినావా ఏంది?" అని నవ్వినాడు.
అట్లాంటివాళ్లతో పేచీ లేదు.
కంటికే దొరికిపోతారు.

ఉరుకుందుది తేట.

ముప్పై నాలుగేండ్లు. ఆదోని పత్తి యార్డులో హమాలీ.
వీపు మీద బోరెంతోనే పడిపోయినాడంట.
"ఈ పూటే తియ్యి ఫర్జానా," అన్నాడు కొత్త డాక్టరు,
"తిన్నాడో లేదో తర్వాత చూద్దాం.
రేపు దాటితే అంకె దిగిపోతుంది.
దెబ్బ తిన్నాక కొవ్వు కొన్నాళ్లు
మంచిపిల్లోని వేషం ఏస్తుంది."
అంటే దానికీ వచ్చన్నమాట అబద్ధం,
పొద్దు దాటితే.

ఒంటి మీద చూద్దామంటే కొవ్వేదీ?
పక్కటెముకలు లెక్కపెట్టచ్చు.
జొన్నరొట్టె, ఊరిబిండి, ఎండుకారం.
"నెయ్యి ముఖం చూసి ఎన్నేండ్లాయనో" అంది పెండ్లాం సుంకులమ్మ,
ఎవరో దొంగతనం అంటగట్టినట్టు.

తేనె రంగు సీరం, అటుపక్క వేలు కనబడేంత తేట.
మిషను రాసింది: నాలుగు వందల ఇరవై.
మళ్లీ పెట్టినాను.
నాలుగు వందల పద్దెనిమిది.
సంతకానికి పెన్ను వెతికినాను,
చెవి మీదే ఉంది.

డాక్టరు అతని మడమ పైన నరం పట్టి చూసినాడు
బొటనవేలితో, సంతలో ఎద్దు కాలు చూసినట్టు.
లావుగా, గట్టిగా, ముడిపడిన మోకు.
"ఇది ఎప్పటినుంచి?"
"బరువులు మోసే కాళ్లు గదా సార్, కాయలు గాసినాయి."
మెటికల మీదా ఉన్నాయి.
ఇన్నాళ్లూ తాను మోసింది
బోరేలనే అనుకున్నాడు.

"మీ నాయన?"
"మిరప కళ్లంలో పోయినాడు సార్. నలభై ఒకటికి. గాలి సోకిందన్నారు."
"పెదనాయన?"
"బస్సులో, నిద్దర పోతా పోతా."
కాసేపాగి అతనే అన్నాడు:
"మా ఇంట్లో మొగోళ్లకు తల నెరవదు సార్.
మా అవ్వ గొప్పగా చెప్పేది."

డాక్టరు చీటీ వెనక గీసుకున్నాడు.
మొగోళ్లకు చదరాలు, ఆడోళ్లకు సున్నాలు,
పోయినవాళ్ల మీద అడ్డగీత.
అన్నిటికంటే కింద
ఒక సున్నా ఖాళీగా వదిలినాడు.

ఆ సున్నా మంగళవారం వచ్చింది
ఆదోని మొదటి బస్సుకు, మేనమామ చేయి పట్టుకుని.
పేరు పల్లవి. నాలుగో తరగతి.
రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, బడిబట్టల్లోనే.
ఇక్కడినుంచి నేరుగా బడికే పోతాననుకుంది పాపం.
సూది చూసి ఏడవలేదు.
"మా నాయనది యా గొట్టం?" అని అడిగింది.
ఎప్పుడో పారేసినామని చెప్పలేక
స్టాండులో చివరిది చూపించినాను.
అది ఎవరిదో.
పిల్ల దాని వైపే చూస్తూ కూర్చుంది
నేను తీసినంతసేపూ.

ఎర్రగానే ఉంది, అందరి మాదిరే.

మిషనుకు ఇంకా నలభై నిమిషాలు.
దూది అదిమి పట్టుకుని
గోడ అవతలి వాసన ఒకసారి పీల్చి
"ఇంక తినొచ్చా?" అంది.
ఇరవై రెండేండ్లుగా
రోజుకు డెబ్బైమందికి చెప్పే మాటే.
నోట్లో ఎక్కడుందో వెతుక్కున్నాను.
"తిను తల్లీ."

కిటికీలోంచి చూస్తున్నాను.
ఉగ్గాని మీద బజ్జీ కూడా పెట్టించుకుంది.
వద్దని కేకేయబోయి ఆగినాను.
అంకె రానీ.
అందాక అది ఉత్త మిరపకాయ బజ్జీ,
ఆమె ఉత్త ఆకలిగొన్న పిల్ల.